దోసెడు తవుడు

శేషారత్నం ధైర్యవంతురాలన్న సంగతి ఏలూరులో అందరికీ తెలుసు. తెలియనిది ఆవిడకొక్కదానికే.

వారం వారం పత్రికలో ఆవిడ రాసే ‘మా ఇంటి వాకిట’ శీర్షిక చదివినవాళ్ళెవరైనా ఆ మాటే అనేవారు. పత్రికంటే మద్రాసు నుంచి రైల్లో దిగే పెద్ద పత్రిక కాదు లెండి. ఏలూరులోనే, కాలవ ఒడ్డున ఒక పెంకుటింట్లో అచ్చయ్యే నాలుగు పేజీల వారపత్రిక. దాని సంపాదకులు నరసింహరాజు గారు. ఆయనా, శేషారత్నం భర్త దత్తాత్రేయులు గారూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పే దత్తాత్రేయులు గారు ఒకనాడు మాటల మధ్య, పిల్లలు పోయిన దగ్గర్నుంచీ మా ఆవిడ మధ్యాహ్నాలు ఏదో రాసుకుంటూ కూర్చుంటోందని అన్నారు. రాజుగారు ఊరుకునే మనిషా? పట్టుకెళ్ళి అచ్చు వేసేశారు. అక్కడ మొదలైంది.

ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఆవిడ. పెద్దవాణ్ణి కలరా పట్టుకుపోయింది. ఆడపిల్లకి అమ్మవారు పోసింది, ఇక తేరుకోలేదు. మూడోవాడు బారసాల కూడా కాకుండానే పోయాడు. ఆ పిల్లల గురించే రాసేది. పెద్దవాడు బొంగరాన్ని నేల మీద కన్నా అరచేతిలోనే ఎక్కువ తిప్పేవాడని, పిల్ల బెల్లం దొంగిలించి మూతి తుడుచుకోవడం మరిచిపోయేదని రాసేది. పిల్ల పోయిన ఏడాది ఇక ఆవకాయ పెట్టనని భీష్మించుకు కూర్చుంటే, కాయలు ముగ్గిపోతున్నాయని అత్తగారు కత్తి తెచ్చి ముందు పెట్టడం, తాను ఏడుస్తూనే ముక్కలు కొట్టడం, తీరా చూస్తే ఆ ఏటి ఆవకాయ ఏ ఏడూ కుదరనంత బాగా కుదరడం కూడా రాసింది. ఆ ఆవకాయ సంగతి చదివి తణుకులో ఒక ప్లీడరు గారి భార్య, కొడుకు పోయాక మొదటిసారి లేచి పొయ్యి వెలిగించిందట. అలాంటి రాత రాసిన మనిషిని ధైర్యవంతురాలు కాదని ఎవరంటారు?

నాలుగోవాడి సంగతి మాత్రం రాయలేదు. రాయకూడదు.

వాడు పుట్టగానే అత్తగారు వెంకటనరసమ్మ గారు పురిటిగదిలోంచి ఎత్తుకుపోయి, చేటలో వేసి, పెరటి చివర పెంట మీద పడుకోబెట్టారు. వరసగా పిల్లలు దక్కని ఇళ్ళలో చేసే పనే అది. అక్కర్లేక పారేసిన బిడ్డని మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుంది? ఆ వేళకి కొల్లేటి నుంచి తామరాకుల మోపు తెచ్చిన మంగమ్మ పెరటి గుమ్మంలో ఉంది. ఏలూరులో సగం ఇళ్ళవాళ్ళు అన్నం తినేది మంగమ్మ లాంటివాళ్ళు తెచ్చే ఆకుల్లోనే. మంగమ్మకి పుట్టినవాళ్ళంతా బతికారు, అందుకని ఆవిడే కావలసివచ్చింది. దోసెడు తవుడు అత్తగారి కొంగులో పోసి మంగమ్మ బిడ్డని కొనుక్కుంది. ఎత్తుకుని ఒక్క గుక్క పాలిచ్చింది. తరవాత, నా కొడుకుని మీరు పెంచి పెట్టండని చెప్పి గుమ్మం దగ్గర తిరిగి అప్పగించింది. తవుడుకి కొన్నవాడు గనక తవిటయ్య అన్నారు. జాతకంలో రాసిన సూర్యనారాయణ అనే పేరు జాతకంలోనే ఉండిపోయింది. ఎవరడిగినా మంగమ్మ కొడుకనే చెప్పాలి. ముద్దొచ్చినా పైకి అనకూడదు. ఒళ్ళు చేశాడని అసలే అనకూడదు. శేషారత్నం అత్తగారి ముందు బుద్ధిగా తలూపేది, చాటుకి పోయి నవ్వుకునేది.

అత్తగారు ఉన్నన్నాళ్ళూ అలా నడిచింది. ఆవిడ పోయాక అలవాటు కొద్దీ నడిచింది. తవిటయ్యకి ఆరో ఏడు వచ్చింది. చేతికర్ర పొడుగు పెరిగాడు, జలుబు కూడా ఎరగడు.

అప్పుడు నరసింహరాజు గారు ఒక మాట అన్నారు. ఎప్పుడూ పోయినవాళ్ళ గురించే రాస్తున్నారమ్మా, ఉన్నవాడి గురించి కూడా నాలుగు ముక్కలు రాస్తే చదివేవాళ్ళకి కాస్త వెలుతురు కనిపిస్తుంది అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పత్రికలో పేరు పడితే ఎవరికి మాత్రం చేదు? శేషారత్నం కూర్చుని తవుడు కథంతా రాసేసింది. పెంట, చేట, మంగమ్మ, అత్తగారి భయం, అన్నీ నవ్వు పుట్టేలా రాసింది. చివర ఇలా రాసింది: ‘దోసెడు తవుడికి తల్లి మారుతుందా? వాడు నా బిడ్డ. పేరు సూర్యనారాయణ. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. మృత్యువు కూడా ఈ పత్రిక చదువుతుందేమో, చదవనివ్వండి. నాకు భయం లేదు.’

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక అచ్చయిన మాట సంగతి చెప్పాలా? మూఢనమ్మకాలు పోవాలని ఊరూరా ఉపన్యాసాలు జరుగుతున్న రోజులవి. దత్తాత్రేయులు గారు ఆ పత్రిక పట్టుకెళ్ళి తోటి మేష్టర్లకి చదివి వినిపించారు. పెదపాడు వెళ్ళే బళ్ళలో చదివారు. కొల్లేటి రేవులో దోనె కోసం కూర్చున్నవాళ్ళు కూడా చదివించుకుని విన్నారు. ఆ నాలుగు రోజులూ శేషారత్నానికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

మంగళవారం పొద్దున తవిటయ్య పక్క మీంచి లేవలేదు.

ఎండలో తిరిగాడు, వేడి చేసిందనుకున్నారు. సాయంత్రానికి ఒళ్ళు పెనంలా కాలింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. డాక్టరు గారు వచ్చి నాలిక చూసి, పొట్ట నొక్కి చూసి, టైఫాయిడ్ అన్నారు. దీనికి మందంటూ లేదమ్మా, బార్లీ నీళ్ళు పోస్తూ ఉండండి, మూడో వారం గడిస్తే గండం గడిచినట్టే అని చెప్పి చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

జ్వరాలు శేషారత్నానికి కొత్త కాదు. ఏ జ్వరం ఎలా వస్తుందో, పిల్లల కళ్ళు ఎప్పుడు లోపలికి పోతాయో, పెదవుల మీద పొర ఎప్పుడు కడుతుందో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పిల్లాడి పక్కన కూర్చుని వాడి గుండె మీద చెయ్యి వేసి ఉంచింది. చెయ్యి తీస్తే అది ఆగిపోతుందేమోనని భయం. తాను రాసిన మాటలే చెవుల్లో గింగురుమంటున్నాయి. చదవనివ్వండి, నాకు భయం లేదు. ఎవరు రాయమన్నారు? ఇన్నాళ్ళూ వాడు ఎక్కడున్నాడో తెలియక వెతుక్కుంటున్నదానికి పేరూ ఊరూ చెప్పి, వీధి తలుపు తీసి, ఇదుగో వీడేనని చూపించినట్టయింది కదా! వీధిలో ఎవరైనా ఆగితే చాలు, గుమ్మం వైపు చూడటానికి ఆవిడకి ధైర్యం చాలేది కాదు.

మంగమ్మ వస్తుందేమోనని రెండు వారాలు ఎదురుచూసింది. మంగమ్మ రాలేదు. తామరాకులు వేరే ఆవిడ తెచ్చింది. మంగమ్మేదని అడిగితే, ఇక ఈ వీధికి రానందండి అని మోపు దించేసి వెళ్ళిపోయింది.

అది విన్నాక శేషారత్నానికి పై ప్రాణాలు పైనే పోయాయి. కొన్న తల్లి వదిలేసింది. ఇక వాడికి ఉన్నది కన్న తల్లి ఒక్కతే. ఆ కన్న తల్లి చేతుల్లో ఏ బిడ్డ నిలిచింది గనక? ఆ లెక్క ఆవిడ మనసులో ఎటు తిప్పినా ఒకేలా తేలింది.

నేను కొల్లేటికి వెళ్ళి మంగమ్మని తీసుకొస్తానండీ అంది భర్తతో. దత్తాత్రేయులు గారు తెల్లబోయారు. వీడికి వచ్చిన జ్వరం నీళ్ళలోంచి వచ్చింది గానీ పత్రికలోంచి రాలేదన్నారు. ఊరందరికీ ధైర్యం చెప్పినదానివి నువ్వే ఇలా అయితే ఎలా అన్నారు. మంచి మనిషే, ఆయన చెప్పిందీ నిజమే. కానీ అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు కూడా వణికింది. అది విని శేషారత్నం చెప్పులేసుకుంది. పిల్లాడి పక్కన ఆయన్ని కూర్చోబెట్టి, బార్లీ నీళ్ళు చెంచాతోనే పోయాలని చెప్పి, జట్కా ఎక్కింది.

గట్టు దాకా జట్కా. అక్కణ్ణుంచి దోనె. తాటి మొద్దు తొలిచి చేసిన ఆ దోనెలో ఆవిడ ఎన్నడూ కూర్చోలేదు. ఇటు ఊపిరి పీల్చినా అటు ఒరుగుతోంది. దోనె నడిపే పేతురు, కదలకండమ్మగారూ అని మాత్రం అన్నాడు. కనుచూపు మేరా నీళ్ళు, తుంగ, తామర. ఆకుల మీద కాళ్ళు పెట్టి పిట్టలు హాయిగా నడిచిపోతున్నాయి. ఆవిడ రెండు అంచులూ పట్టుకుని, కొల్లేటికోట వైపు తిరిగి పెద్దింట్లమ్మకి మొక్కుకుంటూనే ఉంది. తాను మునిగిపోతుందన్న భయం కాదది. తాను ఇక్కడ ఉండగా అక్కడ ఏమవుతోందోనని.

పేతురు కాసేపు గెడ వేసి, పేపర్లో రాసే అమ్మగారు తమరేనా అని అడిగాడు. అవునంది. అతను చాలా దూరం నడిపాడు. తరవాత తనే చెప్పుకొచ్చాడు. ఆ పేపరు రేవులో ఎవరో చదువుతుంటే మంగమ్మ కూడా అక్కడే ఉందట. పెంట మీద బిడ్డని కొనడం దగ్గర అందరూ పడీపడీ నవ్వారట. మంగమ్మ కూడా ముందు నవ్విందట, తన పేరు పేపర్లో పడిందని. వాడు నా బిడ్డ అన్న ముక్క చదివేసరికి మాత్రం, ఆకుల మోపు అక్కడే వదిలేసి ఇంటికి పోయిందట.

మంగమ్మ ఇల్లు లంక చివర. చుట్టిల్లు, ముందు ఆరేసిన వలలు. శేషారత్నాన్ని చూసి లేచి నిలబడింది గానీ రమ్మనలేదు. లోపల్నుంచి ఎవరో చిన్నపిల్ల తొంగిచూస్తే, మంగమ్మ గబుక్కున తలుపు మూసేసింది. అప్పుడు అర్థమైంది శేషారత్నానికి. మంగమ్మకి కోపం కాదు, భయం. తనకెంత ఉందో అంతా ఉంది.

పిల్లాడికి జ్వరమని చెప్పింది. మంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ కొనుక్కో మంగమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది శేషారత్నం.

"అంత మాటనకండమ్మగారూ" అని మంగమ్మ వెనక్కి జరిగింది. నేల చూస్తూ అంది. "నేను తవుడిచ్చి కొన్నానండి. పాలిచ్చేనండి. బిడ్డ నాదేనని తమరు పేపర్లో ఏయించేరు. ఇప్పుడు నేను మళ్ళీ కొంటే, ఆయన ఎవరి మాట నమ్ముతాడండి? ఎతుక్కుంటా వచ్చి, ఆడు లేడని నా పిల్లల్లో ఒకణ్ణి తీసుకుపోతేనో?"

ఆయన అంటే ఎవరో శేషారత్నం అడగలేదు. ఆ పేరు ఇద్దరూ పలకలేదు. ఏం చెయ్యమంటావో చెప్పు, ఏదైనా చేస్తానంది.

"నోటితో అన్నది నోటితో పోద్దండి. అచ్చేసింది అచ్చుతోనే పోవాలండి" అంది మంగమ్మ. "ఆడు మీ బిడ్డ కాదని పేపర్లో ఏయించండి. అది సదివించుకున్న రోజున తవుడట్టుకుని నేనే వత్తాను. ఆడికి పాలిచ్చేను గదండి, నాకు మాత్రం కడుపులో ఉండదా?"

తిరిగి వచ్చేటప్పుడు దోనె ఒరిగిందో లేదో శేషారత్నానికి తెలియదు.

ఇంటికి వచ్చేసరికి జ్వరం ఇంకా పెరిగింది. పిల్లాడు ఏదేదో మాట్లాడుతున్నాడు. ఆ మాటల్లో పోయిన అన్న పేరు ఆవిడకి వినిపించినట్టయింది. వాడు ఆ అన్నని చూడనైనా లేదు. దత్తాత్రేయులు గారు, నువ్వు చదివే రాతలన్నీ వాడు వింటూనే ఉంటాడు కదా, అందుకని అన్నాడంతే అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. కాగితం కలం తీసి మంచం కోడు పక్కనే కూర్చుంది.

ఏం రాస్తావని ఆయన అడిగారు. చెప్పింది. లెక్కల మేష్టారికి అప్పుడు నిజంగానే కోపం వచ్చింది. కన్నబిడ్డని కాదని అచ్చు వేయిస్తావా, రేపు వాడు పెద్దవాడై చదువుకుంటే ఏమనుకుంటాడు అన్నారు.

"ముందు పెద్దవాణ్ణి అవనివ్వండి" అంది శేషారత్నం.

ఆయన వాడి నుదుటి మీద తడిగుడ్డ మార్చారు.

రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. పొరపాటున రాశానని రాస్తే ఎవరైనా నవ్వుతారు, నవ్వితే మళ్ళీ నలుగురి నోళ్ళలో పడుతుంది. తవుడు ఊసెత్తకూడదు, భయం ఊసెత్తకూడదు, పిల్లాడు జబ్బుగా ఉన్న సంగతి అసలే ఎత్తకూడదు. అలా తీసేయగా తీసేయగా ఆఖరికి మిగిలింది నాలుగు ముక్కలు. ‘నాకు పుట్టినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ పోయారు. మా ఇంట్లో తిరిగే పిల్లవాడు కొల్లేటి మంగమ్మ బిడ్డ, పేరు తవిటయ్య. ఎవరి బిడ్డ వాళ్ళ బిడ్డే. నా ఇంట్లో ఇక పిల్లలు లేరు. అయినా పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గు వేస్తున్నాను.’ ఆ చివరి వాక్యం ఎందుకు రాసిందో ఆవిడకే తెలియదు. శీర్షిక అన్నాక చివర అలాంటిది ఒకటి ఉండాలన్న అలవాటు కావచ్చు.

గురువారం ఆ కాగితం ప్రెస్సుకి పంపింది. సాయంత్రం నరసింహరాజు గారే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళు తడిగా ఉన్నాయి. వాడు మంగమ్మ కొడుకనే మొదట్నుంచీ విన్న మనిషి గనక, పిల్లాణ్ణి ఆవిడకే ఇచ్చేశారని అర్థం చేసుకున్నారాయన. సొంతబిడ్డలా పెంచినవాణ్ణి, ఎవరి బిడ్డ వాళ్ళ బిడ్డే అని అనగలగడం ఎంత గుండెనిబ్బరం ఉంటే సాధ్యమమ్మా అన్నారు. ఆ తవుడు కథలో రాసిందంతా వాడి మీద మమకారమే అనుకున్నారు. ఇంతకు ముందు రాసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అన్నారు. తాను పెట్టిన కుంపటి ఇంకా రగులుతోందని పాపం ఆ రాజుగారికి తెలియదు. శేషారత్నం లోపలి గది తలుపు దగ్గరగా వేసి నిలబడింది. మూలుగు బయటికి వినిపిస్తుందేమోనని భయంతో చచ్చిపోయింది. మీరు ముందు అచ్చు వేయండి బాబూ అని మాత్రం అంది.

శనివారం పత్రిక వచ్చింది. ఆ ముందురోజు సాయంత్రమే పిల్లాడికి చెమట పట్టి ఒళ్ళు కొద్దిగా చల్లబడిందని దత్తాత్రేయులు గారు ఇప్పటికీ అంటారు. డాక్టరు చెప్పిన గడువు కూడా అప్పటికి వచ్చిందంటారు. అనుకోనివ్వండి. పత్రిక వచ్చిన మధ్యాహ్నమే మంగమ్మ వచ్చింది, కొంగున తవుడు మూటతో. రేవులో పేతురు ఎవరి చేతో చదివించి వినిపించాడట. ఈసారి తవుడు పోయించుకోవడానికి అత్తగారు లేరు. శేషారత్నమే కొంగు పట్టింది. ఆరేళ్ళవాణ్ణి దుప్పటిలో చుట్టి, పెరటి చివర ఒక్క క్షణం నేల మీద ఆనించి, మంగమ్మ చేతుల్లో పెట్టింది. మంగమ్మ వాణ్ణి గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాడు జ్వరం మత్తులోనే కళ్ళు తెరిచి, ఎవరు నువ్వు అన్నాడు. మీ అమ్మని నాయనా అంది మంగమ్మ. శేషారత్నం అక్కడే నిలబడి, అవును అంది.

వాడు బతికాడు. లేచి కూర్చున్నాడు, పథ్యం తిన్నాడు, గోడ పట్టుకుని నడిచాడు. ఎముకల గూడులా ఉన్నవాడు మళ్ళీ మనిషి అయ్యాడు. దినదిన గండం నూరేళ్ళాయుష్షు అంటారే, శేషారత్నానికి అలాగే ఉంది. జ్వరం పోయింది గానీ భయం పోలేదు. ఇప్పుడు ఒక్క మాట తప్పితే మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకని వాడితో కూర్చోబెట్టి చెప్పింది. మీ అమ్మ మంగమ్మ. మేం నిన్ను పెంచుకుంటున్నాం. ఎవరడిగినా అలాగే చెప్పాలి, ఎవరూ లేకపోయినా అలాగే అనుకోవాలి. వాడు ఎందుకని అడిగాడు. ఆవిడ చెప్పలేదు. ఎందుకో చెబితే అది కూడా బయటికి వచ్చిన మాటే అవుతుంది. వాడు మరి రెండోసారి అడగలేదు. పడుకునేటప్పుడు పక్కలోకి రావడం మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

ఆ శీర్షికకి వచ్చినన్ని ఉత్తరాలు ఇంతకు ముందు దేనికీ రాలేదు. ఎంత ధైర్యం, ఎంత నిబ్బరం అని. ఆవిడ ఒక్కటీ పూర్తిగా చదవలేకపోయింది.

ఒకనాడు పొద్దున తాడేపల్లిగూడెం నుంచి రైల్లో ఒకావిడ వచ్చింది. ఉమాకుమారి అని పేరు, చిన్న వయసే. చంటిపిల్ల పోయి ఎన్నో రోజులు కాలేదు. అన్నం మానేస్తే, ఆ శీర్షిక చదివాక భర్తే తీసుకొచ్చి గుమ్మం దాకా దింపి బజారుకి వెళ్ళాడు. ఉమాకుమారి చాప మీద కూర్చుని శేషారత్నం చేతులు పట్టుకుని వదల్లేదు. ముగ్గురినీ పోగొట్టుకుని, ఇంట్లో పిల్లలంటూ ఒక్కరూ లేకుండా మీరెలా నిలబడ్డారో చెప్పండి, నేనూ అలాగే చేస్తాను అంది.

నేను నిలబడలేదమ్మా, ఒకడున్నాడు, వాణ్ణి పట్టుకుని బతుకుతున్నాను, వాడి కోసం అబద్ధం అచ్చు వేయించాను అని చెప్పేయాలనిపించింది శేషారత్నానికి. గొంతు దాకా వచ్చింది. ఈ పిల్ల ముఖం చూస్తే చెప్పకుండా ఉండటం పాపం. చెబితే? ఈ ఇంట్లో ఎవరు వింటున్నారో ఎవరికి తెలుసు? ఆవిడ వచ్చిన మాట మింగేసింది. ఒక్కో రోజే గడుపుకోవాలమ్మా, ముందు నాలుగు మెతుకులు తిను అంది. తన గొంతు తనకే పత్రికలా వినిపించింది.

అంతలో తవిటయ్య పెరట్లోంచి వచ్చాడు. ఎండకి మొహం ఎర్రబడింది. తలుపు దగ్గర ఆగాడు.

"మీ బాబాండీ?" అంది ఉమాకుమారి. కళ్ళల్లో ఒక్క క్షణం వెలుగు వచ్చింది.

"కాదండీ" అంది శేషారత్నం. "కొల్లేటివాళ్ళ అబ్బాయి. మా ఇంట్లో ఉంటాడు."

ఉమాకుమారి తలదించుకుంది. తవిటయ్య ఇద్దరి వంకా చూశాడు. లోపలికి రాబోయినవాడు వెనక్కి వెళ్ళి గడపకి అవతల నిలబడ్డాడు. తామరాకులు తెచ్చేవాళ్ళ పిల్లలు నిలబడే చోటు అది.

"అమ్మగారండీ, దాహంగా ఉందండి. కాసిని మజ్జిగ పోయిస్తారాండీ?" అన్నాడు.

అది వాడికి ఎవరూ నేర్పలేదు. శేషారత్నం లేచి వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసులో మజ్జిగ పోసి పక్కన పెట్టింది. ఇదే కదా కావలసింది, ఇక ఈ లోకంలో ఎవరూ వాణ్ణి తన బిడ్డ అనరు, వాడు కూడా అనడు, ఇక ఎవరు వెతుక్కుంటూ వచ్చినా దొరకడు అనుకుంది. అనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని గ్లాసు తెచ్చి గడప మీంచి అందించింది. వాడు రెండు చేతులతో పుచ్చుకుని, గుక్క తిప్పుకోకుండా తాగి, అక్కడే నూతి దగ్గర గ్లాసు కడిగి బోర్లించాడు.

"పరాయి బిడ్డయినా ఎంత మర్యాదగా పెంచారండీ, బంగారంలాంటి పిల్లాడు" అంది ఉమాకుమారి.

ముద్దొచ్చినా పైకి అనకూడదన్న అత్తగారి మాట శేషారత్నానికి గుర్తొచ్చింది. వాడు ఇంకా వింటూ నిలబడే ఉన్నాడు.

"వాడికంత మర్యాదేం లేదులెండి" అంది.